నాలుగు స్క్రూల పలకతో రేపల్లె దాకా

తెనాలి నుంచి రేపల్లెకు తిన్నగా రైలుంది. ఎక్కి ఒక కునుకు తీస్తే ఊరొచ్చేస్తుంది. ఆ కాస్త దూరానికి నేను మూడు రోజులు తీసుకున్నాను. మధ్యలో బాపట్ల వెళ్లాను, సూర్యలంకలో ఇసుక తొక్కాను, చెరుకుపల్లి బస్టాండులో టీకొట్టు బల్లమీద ఒక కంప్యూటరు పొట్ట విప్పాను. తిరిగొచ్చాక మా వీధిలోవాళ్లు "ఇదేం దారండీ సుబ్బయ్య గారూ, ఫోన్లో మ్యాపు చూసుకోలేదా?" అని నవ్వారు. చూసుకునే వెళ్లాను. మ్యాపులో లేని కారణం ఒకటుంది, ముందు అది చెప్పాలి.

తెనాలి పక్కన మా అంగలకుదురులో, బయల్దేరక ముందు

రేపల్లెలో మా అక్కయ్య సీతారావమ్మ ఉంటుంది. ఎనభై నాలుగేళ్లు. నాకు పలకమీద ఓనమాలు దిద్దించింది ఆవిడే. ఐదో తరగతితో బడి మానేసిన నాకు ఆ తర్వాత మాస్టారంటూ ఎవరూ లేరు. మిగతా చదువంతా పాత పుస్తకాల కొట్లో తూకానికి కొన్నదే. ఆ చదువుతోనే తెనాలిలో నలభై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేశాను.

ఐదేళ్ల కిందట అక్కయ్యకు చూపు మధ్యలో మసక కమ్మింది. పక్కలన్నీ కనిపిస్తాయి, ఎదురుగా చూసింది మాత్రం ఎవరో బొటనవేలితో అలికినట్టుంటుంది. అక్షరం చింతగింజంత ఉండి, నలుపుమీద తెల్లగా కనబడితే చదవగలదు. అందుకని మా మేనల్లుడు ఒక టాబ్లెట్ కొనిపెట్టాడు. ఆవిడ దాంట్లో పేపరు చదివేది. చదవడమంటే జిల్లా పేజీల్లో శ్రద్ధాంజలి ప్రకటనల దగ్గర మొదలెట్టి వెనక్కి. "ఎవరు మంత్రి అయ్యారో నాకెందుకురా, ఎవరు పోయారో తెలియాలి గానీ" అనేది.

నాలుగో ఏడు ఆ టాబ్లెట్, ఒకరోజు పొద్దున్నే, మీ పరికరంలో ఇక ఈ యాప్ పనిచెయ్యదు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. పది రోజులకు బ్యాటరీ ఉబ్బింది. తెనాలిలో ఒక సెల్ షాపుకు పట్టుకెళ్తే అతను వేడిగాలి కొట్టి, సందులో అట్టముక్క దూర్చి లేపబోయాడు. అద్దం చిటుక్కుమంది.

"ఇది విప్పడానికి చేసింది కాదు తాతగారూ. గమ్ముతో అంటించేశారు. కొత్తది కొనుక్కోండి" అన్నాడు, చాలా మర్యాదగా.

నాకు ఒళ్లు మండింది. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజుల్నుంచీ నేను ఈ పనిలో ఉన్నాను. అప్పట్లో రేడియో వెనక అట్ట విప్పితే లోపలివైపు సర్క్యూట్ బొమ్మ అంటించి ఉండేది. ఇదిగో నాయనా, నా కడుపులో ఉన్నదిది, చెడిపోతే చూసుకో అని చెప్పినట్టు. ఇప్పుడు బొమ్మ లేదు, అట్ట లేదు, స్క్రూ లేదు. గమ్ముంది. డబ్బిచ్చి కొన్న వస్తువు లోపల ఏముందో చూడనివ్వనివాణ్ణి మా కాలంలో దొంగ అనేవాళ్లు, ఇప్పుడు కంపెనీ అంటున్నారు. ఈ మాట నేను ఆ ఏడాది ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అక్కయ్యకు ఫోన్లో ప్రతిసారీ చెప్పాను.

చివరికి నేనే ఒకటి చేద్దామని కూర్చున్నాను. పేకముక్కంత బోర్డుమీద కంప్యూటరు మొత్తం ఇమిడిపోయి దొరుకుతోందిప్పుడు. దానికి పది అంగుళాల టచ్ స్క్రీను, రెండు లిథియం సెల్లు, ఒక ఛార్జింగ్ బోర్డు. సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్సుది. అంటే, రాసినవాళ్లు రాసిందంతా బయటపెట్టి, చూసుకోండి, మార్చుకోండి, పక్కింటివాళ్లకీ ఇవ్వండి అన్నది. వెనక అట్టకు బొమ్మ అంటించిన ఆ పాత రేడియో మనుషులు ఎక్కడో ఇంకా బతికే ఉన్నారని నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. మొదటి నెలలో ప్లస్సు మైనస్సు తారుమారు చేసి ఒక బోర్డు కాల్చాను. నలభై ఏళ్ల సర్వీసున్నవాడు రాసుకోవాల్సిన మాట కాదు, అయినా రాస్తున్నాను. మొత్తం ఐదు నెలలు పట్టింది.

ఈలోగా అక్కయ్యకు గుండె ఆపరేషను అయింది. పేపరు చదివి వినిపించే పని కోడలు పద్మది. దుర్వార్తలేవీ ఆవిడ చెవిన వెయ్యకూడదని మేనల్లుడి ఆర్డరు. పద్మ మంచిదే గానీ, దాని పేపరు ఇలా ఉండేది:

"మెయిన్ రోడ్డులో ఆవు అడ్డొచ్చి ఆటో తిరగబడిందంట అత్తయ్యా."

"అయ్యో! ఎవరికేమైంది?"

"ఆవుకేం కాలేదంట."

అక్కడితో వార్త సమాప్తం.

ఇప్పుడు అసలు సంగతి. చీరాలలో రత్తమ్మని అక్కయ్య చిన్ననాటి స్నేహితురాలు. ముప్పై ఏళ్లుగా ఇద్దరికీ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఫోను. ఒక వారం అక్కయ్య వంతు, మరు వారం రత్తమ్మ వంతు. ఎవరి వంతైతే వాళ్లే చెయ్యాలి. రెండోవాళ్లు తొందరపడి చేస్తే పరువు తక్కువ. నాలుగు నెలల కిందట రత్తమ్మ పోయింది. పోయేనాటికి వంతు రత్తమ్మది.

మేనల్లుడు నాకు ఫోను చేసి "ఆపరేషనై నెల కూడా కాలేదు, చెప్పకండి మావయ్యా" అన్నాడు. సరేనన్నాను. ఆ ఒక నెల నాలుగు నెలలైంది. నేను రేపల్లె వెళ్లినప్పుడల్లా అక్కయ్య "ఒరేయ్ సుబ్బిగా, రత్తమ్మ పొగరు చూశావా? వంతు తనది పెట్టుకుని నోరెత్తదు. నేను మాత్రం చెయ్యను" అనేది. నేను పులిహోర ముద్ద మింగి, బ్యాటరీల ఛార్జింగు గురించి మాట్లాడేవాణ్ణి.

నేను చేస్తున్న ఈ కంప్యూటరు పలక తయారవుతోందని తెలిశాక ఆవిడ ఒక్కటే అడిగింది. "పద్మ సగం పేపరు మింగేస్తోంది. ఆర్నెల్ల పేపర్లూ అందులో వేసి పట్టుకురా. వదిలేసినవన్నీ నేనే చదువుకుంటాను."

వేశాను. ఒక్క రోజు పేపరు, రత్తమ్మ ఫొటో ఉన్నది, అందులోంచి తీసి పెన్‌డ్రైవులో వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. పారెయ్యడం నాకు చేతకాదు. పాత రేడియో వాల్వులే పారెయ్యలేదు.

పలకకు పెట్టె ఒక్కటి మిగిలింది. బాపట్లలో ఒకామె త్రీడీ ప్రింటరుతో చేసిస్తుందని తెలిసి కొలతలు పంపాను. అందుకే ఆ చుట్టుదారి.

తెనాలి నుంచి బాపట్ల, ప్యాసింజరులో

సామాను మూడు ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాల్లో సర్దాను. ఒకదాంట్లో బోర్డు, ఒకదాంట్లో సెల్లు, మూడోదాంట్లో అక్కయ్యకు తెనాలి బెల్లం జిలేబీ. డబ్బాలన్నీ ఒకే రంగు. నా తప్పే.

పొన్నూరు వెళ్తున్న ఒక పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు. "వాసన బ్రహ్మాండంగా ఉందండి, జిలేబీయేనా?" అన్నాడు. ఒకటివ్వకపోతే బాగుండదని డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన కిటికీవైపు చూస్తూనే చెయ్యి పెట్టి, బోర్డు పైకి తీశాడు.

"గట్టిగా ఉందేంటండీ?" అన్నాడు.

"అది కంప్యూటరండీ."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి జాగ్రత్తగా డబ్బాలో పెట్టేసి, "మాకు షుగరండీ, ఏదీ తినకూడదు" అన్నాడు. అసలు డబ్బా తీశాక మాత్రం రెండు తిన్నాడు.

పల్లీలవాడు వచ్చాడు. పొట్లం పది రూపాయలు. విప్పితే కాగితమే ఎక్కువ. ఇదే లైనులో పావలాకు జేబు నిండేది, అది కూడా వేడివేడిగా, ఇసకలో వేయించినవి. ఈ మాట అంటే అతను "ఆ పావలాలు ఇంకా ఉన్నాయా తాతా, ఉంటే ఇవ్వు" అన్నాడు. అప్పికట్ల చేరకముందే ఆ పల్లీలు అయిపోయాయి.

బాపట్ల

నఫీసాకు నలభై ఏళ్లుంటాయి. ఇంటి ముందుగదే ఆమె కార్ఖానా. ఒక పక్క వాళ్లమ్మ కుట్టుమిషను, ఇంకో పక్క ఈమె ప్రింటరు. ఒకటి గుడ్డ కుడుతోంది, ఒకటి ప్లాస్టిక్కు కుడుతోంది. గోడకు వేలాడదీసినవి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. పాత మిక్సీ నాబులు, ఫ్యాన్ రెగ్యులేటరు గుండీలు, కుక్కరు పిడులు. ఏ కొట్లో అడిగినా ఆ మోడలు ఆగిపోయిందండి అని చెప్పే వస్తువులన్నీ అక్కడ పుడుతున్నాయి.

"రండి బాబాయి గారూ, పెట్టె రెడీ" అని బూడిదరంగు పెట్టె చేతిలో పెట్టింది. స్క్రీను అందులో కూర్చోబెట్టాను. కూర్చోలేదు, గలగలలాడింది. చుట్టూ రెండు మిల్లీమీటర్ల వదులు. స్క్రూ చిల్లులు ఒకటీ కలవలేదు.

"మీరు పంపిన కొలతలేనండి" అంది నఫీసా, కాగితం చూపిస్తూ.

"కొలతలు తప్పవమ్మా. అరవై ఏళ్లుగా అదే స్కేలు" అని సంచిలోంచి నా చెక్క స్కేలు తీసి బల్లమీద పెట్టాను, సాక్ష్యానికి. ఆమె తన స్టీలు స్కేలు పక్కన పెట్టింది. నా స్కేలు మొదట్లో సున్నా లేదు. రంగు డబ్బాల మూతలు లేపి లేపి ఆ చివర రెండు మిల్లీమీటర్లు అరిగిపోయింది. ఎప్పుడరిగిందో దేవుడికే తెలియాలి. నేను చేయించిన ప్రతి రేడియో పెట్టే ఇలాగే కాస్త వదులయ్యేది. అంగలకుదురు వడ్రంగిని ఇరవై ఏళ్లు తిట్టాను. పాపం ఆయన "మీరిచ్చిన కొలతేనండి" అనేవాడు. ఆయన ఇప్పుడు లేడు, క్షమాపణ చెప్పుకుందామన్నా.

నఫీసా వాళ్లమ్మ మిషను ఆపి చూసింది. "పెద్దదైతే బాధేంటి బాబూ? చిన్నదైతే కష్టం గానీ. పక్కన రెండు కుట్లేస్తే సరి."

"అది జాకెట్టు కాదమ్మీ" అంది నఫీసా.

"టేపిచ్చినా సరిపోయేది ఆయనకి" అని గొణుక్కుంటూ ఆవిడ మళ్లీ తొక్కడం మొదలెట్టింది.

కొత్త పెట్టెకు పదకొండు గంటలు పడుతుంది, రేపు పొద్దున్నే మొదలెడతానంది నఫీసా. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం, వద్దన్నా వినలేదు. బగారా అన్నం, దాల్చా. మా ఇళ్లలో పప్పులో సొరకాయ వేస్తే పథ్యం కూడు అని మూతి ముడుస్తాం. అదే సొరకాయ వీళ్ల దాల్చాలో, చింతపండు, మసాలా తగిలేసరికి, మూడోసారి అడిగి వేయించుకున్నాను.

తిన్నాక నఫీసా పేపర్ల ప్రోగ్రాము పరీక్షించింది. అక్షరాలు పెంచేది, తిరగేసేది. ఉన్నట్టుండి ఆగింది.

"బాబాయి గారూ, ఇక్కడ బుధవారం తర్వాత శుక్రవారం వస్తోందండి. గురువారం దిగలేదా?"

"ఆ రోజు పేపరుకు సెలవు" అన్నాను.

"పండగ మర్నాడే కదండీ సెలవు. ఆ వారంలో పండగేముంది?"

అబద్ధం చెప్పడంలో కూడా కొలతలుంటాయి, నాకు అక్కడా సున్నా అరిగిపోయింది. ఉన్నదంతా చెప్పేశాను. ఆమె వింది. మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. "మీ పలక, మీ ఇష్టమండి. కాకపోతే పెట్టెకు లోపలివైపు సర్క్యూట్ బొమ్మ అచ్చు వెయ్యమని మీరే కదండీ చెప్పారు. వెయ్యమంటారా, వద్దా?" అంది.

వెయ్యమన్నాను. ఆమె అడిగింది ఆ గురువారం గురించేనని అర్థమయ్యే వెయ్యమన్నాను, పెన్‌డ్రైవు మాత్రం జేబులోనే ఉంచాను.

సూర్యలంక

రెండో రోజు ఆదివారం. పెట్టె అవుతోందంటే సముద్రం చూసొద్దామని బయల్దేరాను. పలకను మాత్రం నఫీసా దగ్గరే వదిలాను, ఉప్పుగాలికి సర్క్యూట్లు పచ్చబడతాయి. బీచిలో గుంటూరు సగం, తెనాలి సగం ఉన్నాయి. సముద్రానికి వీపు పెట్టి ఫోనుకు మొహం పెట్టి నిలబడ్డవాళ్లే అందరూ. నా చిన్నతనంలో సముద్రానికి వస్తే సముద్రాన్నే చూసేవాళ్లం. వేయించిన చేప ముక్క నూట యాభై అన్నాడు. ముల్లు లేదన్నాడు. ముల్లే ఉంది.

కాస్త అవతల పల్లెవైపు నడిచాను. ఒకాయన చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. ఎంత చిరిగిందో అంతే కుడుతున్నాడు. ఇది విప్పడానికి చేసింది కాదు, కొత్తది కొనుక్కో అని అతనికెవరూ చెప్పలేదు. పక్కనే అతని భార్య ఎండు రొయ్యలు గాలిస్తోంది. పావుకిలో కొంటూ నా పలక గొప్ప చెప్పాను.

"అందులో వాతావరణం చెప్తదా బాబాయి?" అంది.

"అన్నీ చెప్తుందమ్మా."

"అన్నీ నాకెందుకు? గాలి ముదురుద్దంటే ఆ మాట ముందు రావాల. మంచి కబురు సాయంత్రం వచ్చినా పర్లేదు. మా ఆయన పడవెక్కినాక చెడ్డ కబురొస్తే నేనేం చేసుకోను?"

నాకెందుకో గుచ్చుకుంది. "గుండె జబ్బున్నవాళ్లకు చెడ్డ కబురు ముందు చెప్పకూడదమ్మా" అన్నాను.

"గుండె జబ్బున్నోళ్లింటికి తుపాను రాదా ఏంటి?" అని ఆవిడ రొయ్యలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

తూకం బాగానే వేసింది. మాటే కాస్త ఎక్కువ తూగింది. ఆటోలో బాపట్ల చేరేదాకా ఆ మాటకు ఎదురు చెప్పుకుంటూనే ఉన్నాను. నేను తప్ప ఎవరూ వినలేదు గనుక నేనే గెలిచాను.

సాయంత్రానికి పెట్టె వచ్చింది. ఈసారి స్క్రీను సాసర్లో కప్పులా కూర్చుంది. మూలకొకటి, నాలుగు స్క్రూలు. వెనక అట్ట లోపలివైపు సర్క్యూట్ బొమ్మ, నా రేడియోల్లో ఉన్నట్టే. నఫీసా వాళ్లమ్మ దానికొక గుడ్డ సంచి కుట్టిచ్చింది. కొలత టేపుతో తీసింది, నా స్కేలు ముట్టుకోలేదు.

బాపట్ల బస్టాండు

మూడో రోజు సోమవారం. రేపల్లె బస్సు కోసం బస్టాండు నిండా జనం. ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కదా ఇప్పుడు, వాళ్లే ఎక్కువ. బస్సు ఆగీ ఆగకముందే అందరి చేతులూ కిటికీల్లోకి లేచాయి. రుమాళ్లు, సంచులు, గొడుగులు. మన జిల్లాలో సీటు అలాగే కదా ఆపుకోవడం. కిటికీలోంచి ఏదో ఒకటి పడేస్తే ఆ సీటు మనది. ఇంతవరకూ చట్టంలో లేదు గానీ, ధిక్కరించినవాణ్ణి నేను చూడలేదు.

నా చెయ్యి కూడా అలవాటు చొప్పున తువ్వాలు కోసం వెళ్లింది. తువ్వాలు భుజంమీద లేదు, చేతిలో ఉంది. ఉన్నమాటే గానీ, దెబ్బ తగలకుండా ఉంటుందని దాన్ని పలకకు చుట్టానన్న సంగతి చెయ్యి మర్చిపోయింది. అరవై ఏళ్ల అలవాటు ముందు ఐదు నెలల పని ఎంత? కిటికీలోంచి తువ్వాలు సీటుమీద పెట్టేసి, తలుపు దగ్గర తోపులాటలో పడ్డాను.

లోపలికి చేరేసరికి నా సీట్లో ఒకావిడ కూర్చుని ఉంది. అరవై ఏళ్లుంటాయి, మంచి నిండైన మనిషి. ఒళ్లో అరటిగెల.

"లేవండమ్మా! ముందు లేవండి!" అని అరిచాను.

"ఏంటి నాయనా ఆ అరుపు? ఆడోళ్ల సీట్లో ఆడది కూర్చుంటే లేవమంటావేంటి?"

"తువ్వాలు వేసి ఆపుకున్నానండి!"

"ఆడోళ్ల సీటుకి తువ్వాలేసే మగాణ్ణి ఇదే చూట్టం."

అప్పుడు చూశాను. నెత్తిమీద 'స్త్రీలకు మాత్రమే' అని ఉంది, చింతగింజంత అక్షరాల్లో. "అమ్మా, మీరు నా కంప్యూటరు మీద కూర్చున్నారు" అన్నాను, గొంతు తగ్గించి.

బస్సంతా తిరిగి చూసింది. ఆవిడ అరటిగెలతో సహా నెమ్మదిగా లేచి, కింద చెయ్యి పెట్టి తువ్వాలు తీసిచ్చింది. "మెత్తగా లేదేంటా అనుకున్నాను" అంది.

విప్పి స్విచ్చి నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. స్క్రీను మాత్రం నల్లగా ఉండిపోయింది. మళ్లీ నొక్కాను. నలుపే. ఐదు నెలలు.  ఆవిడ జరిగి "కూర్చోండి అన్నయ్య గారూ, ఆడోళ్ల సీటైతే ఏమైందిలే" అంది. ఆవిడ పేరు అనసూయమ్మ, చెరుకుపల్లిలో దిగాలి. ఇదెవరికోసమో చెప్పాను.  కర్లపాలెం దగ్గర రెండు అరటిపళ్లు వలిచి నా చేతిలో పెట్టింది.

చెరుకుపల్లి

"టీకి పది నిమిషాలు" అని డ్రైవరు దిగాడు. నేను పలక పట్టుకుని టీకొట్టు బల్ల దగ్గరికి పరుగెత్తాను. అనసూయమ్మ గారు తన ఊరొచ్చినా ఇంటికి పోలేదు, గెల కింద పెట్టి నా పక్కన నిలబడింది.

జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆవిడ అరచెయ్యి చాపి, తీసిన స్క్రూ తీసినట్టు అందులో వేయించుకుంది. అట్ట లేపాను. బోర్డు బాగుంది, సెల్లు బాగున్నాయి, అద్దం బీటలివ్వలేదు. బోర్డు నుంచి స్క్రీనుకు వెళ్లే రిబ్బను కేబులు, సన్నటి బద్దలాంటిది, దాని గూట్లోంచి ఊడి వచ్చేసింది. ఆవిడ బరువుకు అంతకన్నా ఏమీ కాకపోవడం నఫీసా పెట్టె గొప్పతనం.

"పెద్దాయనా, ఐదు నిమిషాలే" అని కండక్టరు కేకేశాడు. బస్సు కిటికీలన్నిట్లోంచి తలలు.

గూటి తాళం లేపి, కేబులు తిన్నగా దూర్చి, తాళం వేశాను. మొదటిసారి జారింది. రెండోసారికి కూర్చుంది. స్విచ్చి నొక్కాను. నల్లటి స్క్రీనుమీద తెల్లగా అక్షరాలు లేచాయి.

"అంతేనా?" అంది అనసూయమ్మ గారు.

"అంతేనమ్మా."

"మా కోడలి ఫోను ఇట్టాగే నల్లబడితే, లోపలంతా పోయింది, కొత్తది కొనండన్నాడు షాపోడు. లోపలేముందో చూపించమంటే చూపించలేదు."

"వాణ్ణి మా కాలంలో..." అని నా మాట మొదలెట్టాను. చొక్కా జేబులో పెన్‌డ్రైవు గుర్తొచ్చింది. అట్ట మళ్లీ మూశాను.

ఆవిడ నాలుగు స్క్రూలూ లెక్కపెట్టి ఇచ్చింది. డ్రైవరు టీగ్లాసు కింద పెట్టి "మా బస్సుక్కూడా గేరు సరిగ్గా పడట్లేదు పెద్దాయనా, ఓసారి విప్పుతారా?" అన్నాడు. ఈసారి నేను బుద్ధిగా మగవాళ్ల వైపు, నిలబడి ప్రయాణం చేశాను. తువ్వాలు భుజంమీదే ఉంచుకున్నాను.

రేపల్లె

పద్మ గోంగూర పప్పు, ఎండు రొయ్యల వేపుడు చేసింది. జిలేబీ చూసి "అత్తయ్యకి ఒక్కటే మావయ్య గారూ" అంది. అక్కయ్య రెండు తింది, మూడోది దిండుకింద దాచింది.

భోజనాలయ్యాక పలక ఆవిడ ఒళ్లో పెట్టాను. అంచులు తడిమింది. "పలకలాగే ఉందిరా" అంది. అక్షరాన్ని చింతగింజ దాకా పెంచి చూపించాను. తల కాస్త పక్కకు వాల్చి, కంటి చివర్నుంచి చదవడం మొదలెట్టింది, గట్టిగా, ఒకటో తరగతి పిల్లలా. అందరికన్నా ముందు పోయినవాళ్లను చదివింది. "ఓహో, ఈయన పోయాడా! పోతాడు, పాపిష్టివాడు." "అయ్యో, ఈ పిల్లకేం వయసని!" పద్మ గుమ్మం దగ్గర నిలబడి చీర చెంగు నలుపుకుంటోంది. అక్కయ్యకు ఏమీ కాలేదు. పైగా రంగొచ్చింది మొహానికి.

గంట గడిచింది. నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు ఆవిడ వేలు ఆగింది.

"ఒరేయ్. బుధవారం తర్వాత శుక్రవారం వచ్చింది. గురువారం ఏది?"

నేను ఫ్యాన్ వైపు చూశాను.

"ఆ శుక్రవారమేరా, రత్తమ్మ ఫోను మొదటిసారి తప్పింది." మాట నెమ్మదిగా వచ్చింది. "ఎవరు తీశారు?"

పద్మ నావైపు చూసింది. నేను పద్మవైపు చూడలేకపోయాను.

"నేనే" అన్నాను.

"ఎక్కడుంది?"

జేబులోంచి పెన్‌డ్రైవు తీసి పలకకు గుచ్చాను. ఆ గూడు నేనే పెట్టాను, ఎప్పుడైనా పనికొస్తుందని. గురువారం వచ్చింది. అక్కయ్య పేజీలు తిప్పి ఫొటో దగ్గర ఆగింది. వేళ్లతో పెంచింది. పెంచింది. రత్తమ్మ మొహం పలకంతా నిండింది. కింద పేరు, ఊరు, పిల్లల పేర్లు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది. 

"ఆ చీర నాది" అంది చివరికి. "వాళ్ల పెద్దమ్మాయి పెళ్లికి కట్టుకుంటానని పట్టుకెళ్లింది. ఇచ్చింది కాదు."

తర్వాత పైట చెంగుతో కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది. "నాలుగు నెలలు దాన్ని తిట్టానురా. పొగరన్నాను. నువ్వు నా ఎదురుగా కూర్చుని పులిహోర తిన్నావు."

"నీ గుండె అక్కయ్యా..."

"నా గుండె నాది. లోపలేముందో చూడనివ్వనివాణ్ణి నువ్వేదో అంటావే, ప్రతి ఫోన్లోనూ. ఏంటది?"

"దొంగ" అన్నాను.

"ఆఁ. అదీ."

ప్రకటన చివర రత్తమ్మ కూతురి ఫోను నంబరు ఉంది. పద్మ చేత నొక్కించుకుంది. "వంతు దానిదనుకుని కూర్చున్నాను, నాదే" అంది ఫోను చెవిన పెట్టుకుంటూ. సోమవారం, శుక్రవారం కూడా కాదు. గంటసేపు మాట్లాడింది. మధ్యలో ఏడ్చింది, మధ్యలో చీర సంగతి అడిగింది, ఒకసారి నవ్వింది కూడా. పద్మ వంటింట్లోంచి మజ్జిగ తెచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. నాకు తేలేదు.

నేను లేచేటప్పుడు అక్కయ్య చెయ్యి చాపింది. "ఆ స్క్రూడ్రైవరు ఇక్కడ పెట్టు."

"నీకెందుకు అక్కయ్యా?"

"ఇంట్లో ఉండాలి."

తన కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని టక్కున మూత వేసింది. మర్నాడు తిన్నగా తెనాలి రైలెక్కాను. చుట్టుదారి పనేమీ మిగల్లేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. "ఈ వారం వంతు నాది" అంది అక్కయ్య. "వచ్చే వారం నీది. వంతు తప్పితే నేను మాత్రం చెయ్యను, చెప్తున్నాను." అని, ఆ రోజు పేపర్లో పోయినవాళ్లందరినీ పేరుపేరునా చదివి వినిపించింది.

ఇది రాస్తున్నది గురువారం. రేపు వంతు నాది.